దూది అంటిన బెల్లం

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలప్పుడు. ఆ సమయానికి నేను ఆదోనిలో పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో, ఆరోగ్య కార్డుల డెస్కు దగ్గర, ఒక ముసలాయన చేత వేలిముద్ర వేయిస్తున్నాను. అత్త పక్కింట్లో ఉండే పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకే మిల్లుకు పోయేవాళ్లు. "మీ అత్త ల్యాదు మే. టీ తాగి గలాసు కింద పెట్టినాది, గోడకు ఆనుకున్నాది, అంతే" అంది. ముసలాయన వేలు ఇంకా యంత్రం మీదే ఉంది. "ముద్ర పడినాదా తల్లీ?" అని అడుగుతున్నాడు. పడింది తాతా అన్నాను. అన్ని గడులూ నింపి, పంపించి, అప్పుడు లేచాను. ఆ పూట కూడా ముందు ఆ కంప్యూటర్‌కే జవాబు చెప్పాను చూడండి, అందుకు నా మీద నాకే రోతగా ఉంది.

కోపం తగ్గాక ఆమె గురించి రాయమని మా ఆయన అన్నాడు. తగ్గితే నేను రాయను. కోపం తగ్గినవాళ్లు ఏం రాస్తారో నాకు తెలుసు. సౌమ్యురాలు, సహనశీలి, కష్టాలను చిరునవ్వుతో భరించింది అని రాస్తారు. మా అత్త ఏ కష్టాన్నీ చిరునవ్వుతో భరించలేదు, తిట్టుకుంటూ భరించింది. మిల్లు మేస్త్రీని తిట్టేది. మూడు రోజులకోసారి వచ్చే కొళాయి నీళ్లను తిట్టేది. టీవీలో పథకాల ప్రకటన వస్తే టీవీని తిట్టేది. తన దగ్గునైతే సవతిని తిట్టినట్టు తిట్టేది. "వచ్చినావా ముండా? ఇంగా రాలేదే అనుకుంటి" అని దానితో మాట్లాడి, ఆ తర్వాత దగ్గేది. దండేసిన ఫొటో కింద ఆ మనిషిని మర్యాదస్తురాలిని చేసి కూర్చోబెడితే ఆమే ముందు ఒప్పుకోదు.

మాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేసేవాడు, అత్త ఆయనకు అక్క. ఆమెను ఆదోనికి ఇచ్చారు. మామ పత్తి మార్కెట్లో హమాలీ, నాకు ఊహ తెలిసేసరికే లేడు. ఉన్న ఒక్క కొడుకు ఆటో నడుపుతాడు. అత్త ఇరవై ఏళ్లకు పైగా ఒకే జిన్నింగ్ మిల్లులో పనిచేసింది. పత్తిని దోసిళ్లతో ఎత్తి యంత్రం నోట్లో వేయాలి. యంత్రం గింజను ఒక పక్కకు తోస్తుంది, దూదిని ఇంకో పక్కకు తోస్తుంది. రెండింటికీ రెండు దార్లు కట్టినవాడికి దుమ్ము పోవడానికి ఒక దారి పెట్టాలని మాత్రం తోచలేదు. అది ఆడవాళ్ల ముక్కుల్లోంచే పోయేది.

నేను పదో తరగతి పాసైన ఏడు నాన్న నన్ను చదువు మాన్పించి మగ్గం గుంతలో కూర్చోబెట్టాలని చూశాడు. ఎవరు చెప్పారో ఏమో, అత్త ఆదోని నుంచి బస్సెక్కి వచ్చేసింది. కాళ్లు కూడా కడుక్కోకుండా వాకిట్లోనే నిలబడి తమ్ముడితో పోట్లాడింది. "నీ కూతుర్ని గుంతలో దింపుతావా? దింపు. పైన మన్ను గూడా నువ్వే పొయ్యి" అంది. నాలుగు జతల బట్టలు సంచిలో కుక్కి ఆమె నన్ను వెంటపెట్టుకుపోయింది. ఆ ఒంటి గదిలోనే ఉండి నేను ఇంటర్, డిగ్రీ, కంప్యూటర్ కోర్సు చదివాను. "కూసోని సేసే పని సూసుకో కోడలా. నిలబడి సేసేది నాకాడికి సాలు" అనేది. నేనీ రోజు కూర్చున్న కుర్చీ ఆమె ఇచ్చిందే. అందులో కూర్చుని ఆమెకు నేనేం చేశానో చెప్పాలనే ఇది మొదలుపెట్టాను.

సాయంత్రం మిల్లు నుంచి వచ్చేటప్పటికి ఆమె తల తెల్లగా ఉండేది. వాకిట్లో కూర్చుని పేన్ల దువ్వెనతో దువ్వితే దూది అంతా రాలి జుట్టు మళ్లీ నల్లగా కనిపించేది. రాలిన దూదిని పారేసేది కాదు. తొడ మీద రుద్ది వత్తులు చేసి దేవుడి దీపంలో వేసేది. తలలోంచి తీసింది దేవుడికా, మైల కాదా అని ఇంటి ఓనరమ్మ ఒకసారి మూతి విరిచింది. "దేవునికి గూడా రోంత దగ్గు రానీమ్మా. అప్పుడన్నా నా మాట ఇంటాడేమో" అంది అత్త. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. చెప్పులు విడిచిన చోటు నుంచి పొయ్యి దాకా ఆ ఇంట్లో ఎక్కడ ఊడ్చినా దూదే వచ్చేది.

ఇక బెల్లం సంగతి. పని దిగే వేళకు మేస్త్రీ బెల్లం గంపతో మిల్లు గేటు దగ్గర నిలబడేవాడు. బయటికి పోయే ఒక్కొక్కరి అరచేతిలో ఒక ముక్క పెట్టేవాడు. బెల్లం తింటే గొంతుకు పట్టిన దూది కడుపులోకి జారిపోతుందని నమ్మకం. మా అత్త చాలా ఏళ్లు అది నమ్మింది. "ఈ బెల్లం తినకుంటే నేను యెప్పుడో పోయుందును" అని నాతో వాదించేది. ఒకసారి ఎవరో డాక్టర్లు మిల్లుకు వచ్చి, ముక్కుకు కట్టుకునే గుడ్డలైనా ఎందుకివ్వరు అని అడిగారట. "మా కాడ ఆరోగ్య రక్షణ ఉండాది సార్. దినామూ బెల్లం ఇస్తాము" అని మేనేజరు చెప్పాడట. బెల్లమట! గాలి పోయే గొట్టం వేరు, అన్నం పోయే గొట్టం వేరని బడిపిల్లలకు తెలుసు. ఆ మేనేజరుకు తెలియదా? బాగా తెలుసు. దుమ్మును బయటికి లాగే ఫ్యాన్ల కన్నా బెల్లం చవకని కూడా తెలుసు.

మిల్లులో పనిచేసే మనిషికి కార్మికుల బీమా ఉండొద్దా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను, వెతికి చదివాను. చట్టంలో సీజనల్ ఫ్యాక్టరీలని, అంటే ఏడాదిలో కొన్ని నెలలే నడిచేవని, ఒక పట్టీ ఉంది. పత్తి జిన్నింగు ఆ పట్టీలో ఉంది, కాబట్టి ఆ బీమా దానికి వర్తించదు. వేరుశనగ కాయలు వలిచే మిల్లు కూడా అందులోనే ఉంది. మా అత్త పోయే మిల్లు గేటు ఒకటే. పత్తి ఉన్నన్నాళ్లు పత్తి, అది అయిపోతే అదే గేటులో వేరుశనగ కాయలు. మనిషి ఏడాదంతా దుమ్ములోనే ఉంది. చట్టం లెక్కలో మాత్రం రెండు సీజన్ల మధ్య ఎక్కడో మాయమైపోయింది. ఆ పట్టీలో బెల్లం తయారీ కూడా ఉంది తెలుసా? అది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది, నవ్వినందుకు ఏడుపొచ్చింది. ఈ చట్టం రాసినవాళ్లెవరో ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఆ యంత్రం ముందు నిలబడి ఉంటే బాగుండును.

ఆమె రోగానికి ఒక తీరు ఉండేది. ఆదివారం మిల్లుకు సెలవు. ఆ రోజు సాయంత్రానికి అత్తకు ఊపిరి కాస్త తేలికయ్యేది, అరుగు మీద కూర్చుని వచ్చే పోయే వాళ్లనందరినీ ఆటపట్టించేది. సోమవారం పనిలోకి పోయి వస్తే మళ్లీ గుండెల మీద రాయి. "సెలవిచ్చి సంపుతాండారే వీండ్లు" అనేది. ప్రభుత్వాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఈ సోమవారం మాట విని పెన్ను కింద పెట్టాడు. ఇది పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బమ్మా, ఆ పని మానుకోవాలి, ఈ మందు నెలనెలా పీల్చాలి అని చెప్పాడు. పని మానితే తినేదేమిటో ఆయన చెప్పలేదు, అది ఆయన చేతుల్లో లేదు. పీల్చే మందు ఆరోగ్య కార్డులో రాదు. మంచం ఎక్కి ఆసుపత్రిలో చేరితేనే కార్డు. "ఈ కార్డుకు నేను సావుకాడికి పోతేనే కండ్లు కనపడతాయి" అనేది అత్త. మందు నేను కొనిచ్చేదాన్ని. సోమవారం మాత్రం ఒక్కసారి పీల్చి, మిగతా వారమంతా దాన్ని బియ్యం డబ్బాలో దాచిపెట్టేది. ఎందుకత్తా అంటే, అయిపోతాదని చెప్పేది.

మొదటిసారి ఊపిరాడక పడిపోయినప్పుడు కొడుకు ఆటోలో వేసుకుని నా ఆసుపత్రికే తెచ్చాడు. పెదాలు నీలంగా మారాయి. కార్డు కింద అనుమతి రావాలంటే వివరాలు నేనే నింపి పంపాలి. అందులో వృత్తి అని ఒక గడి. అక్కడ మిల్లు కార్మికురాలు అని కొడితే అటు నుంచి ప్రశ్న వస్తుంది: యజమాని తరఫున బీమా ఉందా, లేకపోతే లేదని ఆయన దగ్గర నుంచి లెటర్ తెండి అని. ఏ యజమాని ఇస్తాడా లెటర్? ఇస్తే ఈమె నా దగ్గర పనిచేస్తోందని ఒప్పుకున్నట్టే కదా. దాని కోసం తిరిగేలోగా ప్రాణం నిలబడాలి కదా. అందుకని మా డెస్కులో ఏ ఆడమనిషి వచ్చినా అందరం ఒకటే కొడతాం, గృహిణి అని. నేనూ అదే కొట్టాను. గంటలో అనుమతి వచ్చింది. ఐదో రోజుకు అత్త లేచి కూర్చుని ఆసుపత్రి ఇడ్లీని తిట్టింది. అత్తను నేనే బతికించుకున్నానని ఆ రోజు గర్వపడ్డాను. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు అట్లాగే తెచ్చారు, మూడుసార్లూ అదే కొట్టాను.

పోయినేడు ఆమె తెగించింది. పని వల్ల వచ్చిన జబ్బుకు యజమాని బాధ్యత వహించాలని ఇంకో చట్టం ఉందని ఆ కుర్ర డాక్టరే చెప్పాడట. లేబరు ఆఫీసులో అర్జీ పెడతానంది. "నాకు వాని డబ్బు వద్దు కోడలా. ఆ పీల్చే మందు నెలనెలా వాడే ఇయ్యల్ల. వాని దుమ్ము, వాని మందు" అంది. అంతకన్నా న్యాయమైన మాట నేను వినలేదు. కానీ మిల్లులో పనిచేసినట్టు రుజువేదీ? వాళ్లు చీటీ ఇవ్వరు, హాజరు పుస్తకంలో సంతకం పెట్టించరు. పక్కింటి పెద్దమ్మను సాక్ష్యం అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "సంతకం పెడితే రేపట్నుంచి రావొద్దంటాడు మే" అంది. అత్త ఆమె వీపు తట్టి లేచింది. ఇంట్లోకి పోయి అటక మీద నుంచి ఒక స్టీలు డబ్బా దించింది.

డబ్బా నిండా బెల్లం ముక్కలు. ఏడాదిగా తినడం మానేసిందట. మానేసినా రోజూ చెయ్యి చాచి తీసుకుని, కొంగున ముడేసుకుని తెచ్చి దాచిందట. "పోని దినము బెల్లం ల్యాదు. పోయిన దినము ఉండాది. ఇదే నా హాజరు. సూడు యెన్ని దినాలు పోయినానో" అని నా ముందు పెట్టింది. ఇది చెల్లదత్తా అని నేను చెప్పలేకపోయాను. ఆమె మొహంలో అంత ధీమా ఉంది.

లేబరు ఆఫీసుకు పోయి ఆ డబ్బా మూత తీసి ఆఫీసరు బల్ల మీద పెట్టింది. ఆయన పెన్ను మూతతో దాన్ని కొంచెం అవతలికి జరిపాడు. "బెల్లం కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది కదమ్మా" అన్నాడు.

"కొరికి సూడు సార్" అంది అత్త. "పండ్ల కింద దూది తగుల్తాది. నీ కిరాణా కొట్టు బెల్లంలో దూది ఉంటాదా?"

నిజమే. గేటు దగ్గర గాలంతా దూదే, తెరిచిపెట్టిన గంపలో బెల్లానికి అది అంటుకునే ఉంటుంది. ఆయన కొరకలేదు, ముట్టుకోలేదు. ఆసుపత్రి కాగితాలు తిరగేసి అన్నాడు. "ఇందులో గృహిణి అని ఉందే? నాలుగుసార్లు చేరితే నాలుగుసార్లూ అదే ఉంది. మీ కాగితాలే మీరు మిల్లుకు పోలేదంటుంటే నేనేం చేయాలి?"

అత్తకు చదువు రాదు. నా వైపు తిరిగింది. "ఏమని ఉండాదే?" అని అడిగింది. నేను డబ్బాకు మూత పెట్టసాగాను. ఇంటి పట్టున ఉండే మనిషి అని ఉందమ్మా అని ఆయనే చెప్పాడు.

బయటికొచ్చాక తిడుతుందని మెట్ల మీద నిలబడ్డాను. టీవీని కూడా వదలని మనిషి నన్ను తిట్టలేదు. "ఇంట్లో కూసోనుంటే నా తలకాయలోకి దూది యాడనుంచి వచ్చె కోడలా?" అని మాత్రం అడిగింది. లెటర్ సంగతి, ప్రశ్న సంగతి, నీలం పెదాల సంగతి గబగబా చెప్పాను. అంతా విన్నది. "తెలుసులే. నన్ను బతికిచ్చినావు. నా పనిని సంపినావు" అంది. ఆటో పిలిస్తే ఎక్కలేదు. డబ్బా చంకలో పెట్టుకుని, మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ, ఇంటికి నడిచే పోయింది. వెనక నేను నడిచాను.

ఈ ఏడు మళ్లీ తెచ్చారు, ఐదోసారి. ఆక్సిజన్ మాస్కును తనే కిందికి లాగి నా చెయ్యి పట్టుకుంది. "ఈసారన్నా మిల్లని రాయి" అంది. ఆ మూడు ముక్కలు అనడానికి ఎంతసేపు పట్టిందో నేను చూశాను. డెస్కుకు వచ్చి కూర్చున్నాను. మిల్లు అని కొట్టాను. చెరిపేశాను. మళ్లీ కొట్టాను. ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని లెటర్ అడుగుతాడు, ఆమెకేమో అంత వ్యవధి లేదు. గృహిణి అని కొట్టి పంపించేశాను. వార్డులోకి పోయి, "రాసినా అత్తా" అన్నాను. "ఆఁ" అని కళ్లు మూసుకుంది. ఆ పూట నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

ఆమె బతికి ఇంటికి పోయింది. పోయి వీధంతా చెప్పుకుంది. "మా కోడలు మిల్లని రాసినాది. కంప్యూటర్లో ఎక్కినాది. ఇంగ యెవని తరమూ కాదు తీసేయనీకి" అని కొళాయి దగ్గర కూడా చెప్పిందట. ఆ కాగితం పట్టుకుని మళ్లీ లేబరు ఆఫీసుకు పోదామంది. ప్రింటరు చెడిపోయిందని ఒక వారం చెప్పాను. సారు సెలవులో ఉన్నారని ఇంకో వారం చెప్పాను. మూడో వారం మంగళవారం ఆమె టీ తాగి గలాసు కింద పెట్టింది. నా అబద్ధాన్ని నమ్ముతూనే పోయింది. నమ్మి పోవడం మంచిదే కదా అని మా ఆయన ఓదార్చాడు. ఆయన మీద కూడా అరిచాను.

మిల్లు నుంచి పూలదండ వచ్చింది. మేస్త్రీయే మోసుకొచ్చాడు. ఇంటి పట్టున ఉండే మనిషి చనిపోతే మీ మిల్లు దండెందుకయ్యా అని నలుగురిలో అడిగేశాను. ఆయన దండ చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. పక్కింటి పెద్దమ్మ లేచి దాన్ని తీసుకుని బయట గోడ మీద పెట్టింది. మర్నాడు ఆమె పనికి పోయింది, పోక ఏం చేస్తుంది!

పది రోజులయ్యాక మరణం నమోదు చేయించడానికి అత్త కొడుకూ నేనూ మునిసిపల్ ఆఫీసుకు పోయాం. గుమాస్తా పేరు అడిగాడు, వయసు అడిగాడు, టైపు చేసుకుంటూ పోయాడు. వృత్తి దగ్గర అసలు అడగనే లేదు. గృహిణి అని తనే కొట్టేశాడు. నేనూ అట్లాగే కొడతానుగా, ఆ వేళ్ల కదలిక చూసి పోల్చుకున్నాను.

"గృహిణి కాదు. జిన్నింగ్ మిల్లు కార్మికురాలు" అన్నాను.

"యేదైతే యేముందమ్మా? ఇది సర్టిఫికెట్లో రాదు. పైకి లెక్కలకు పోతాది, అంతే" అన్నాడు.

"ఆ లెక్కలకే పోనీ" అన్నాను. నా గొంతు పెద్దదైందని నాకే తెలుస్తోంది. "ఏ పని చేసేవాళ్లు ఏ జబ్బుతో పోతున్నారో ఆ లెక్కలే కదా పైన కూర్చున్నోళ్లు చూసేది? ఊళ్లో పోయిన ఆడవాళ్లంతా గృహిణులైతే మిల్లులో ఎవరూ చావనట్టే కదా? ఇంక వాళ్లకు బీమా ఎందుకిస్తారు?"

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆధారమేమన్నా ఉండాదా?" అన్నాడు.

ఉంది. డబ్బా సంచిలోంచి తీసి ఆయన కీబోర్డు పక్కన పెట్టాను. మూత తీస్తే చీమలు రెండు బయటికొచ్చాయి. "కొరకొద్దు, విరిచి చూడండి" అన్నాను. నన్ను వదిలించుకోవడానికే అనుకుంటా, ఒక ముక్క తీసి రెండు చేతులతో విరిచాడు. ముక్కలు రెండయ్యాయి గానీ విడిపోలేదు. మధ్యలో సన్నటి దూది పోగులు సాగుతున్నాయి. ఆయన ఆ పోగులను వేళ్లతో తెంపాడు. తర్వాత ముక్కలు డబ్బాలో వేసి, గడిలో ఉన్నది చెరిపేసి, నేను చెప్పింది కొట్టాడు. తెర నా వైపు తిప్పి, "సూసుకోండి" అన్నాడు.

రెండుసార్లు చదువుకున్నాను. "రాసినా అత్తా" అన్నాను. పైకే అన్నట్టున్నాను, అత్త కొడుకు నా వైపు తిరిగి చూశాడు. గుమాస్తా అప్పటికే తర్వాతి మనిషిని పిలుస్తున్నాడు. పిలుస్తూనే వేళ్లకు అంటిన దూదిని ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. అది వదలడం లేదు.